మూగజీవికి విషము సోకినపుడు

పూర్వము పల్లెటూళ్లలో కుక్క వీధికంతటికి ఉమ్మడిగా నుండెడిది. పిల్లి ఏ యింట పాలు దొరకిన ఆ యింటిది. నేడట్లు కాదు. పట్టణములలో మూడవ అంతస్తు మీది యిరుకు ఇండ్లలో కూడ కుక్కపిల్లలు పెరుగుచున్నవి. పల్లెలలో ప్రతి దొడ్డికిని ఒక కావలికుక్క యున్నది. వాటితో పాటు మన యిండ్లలో విషములును పెరిగినవి. అటక మీద ఎలుకల మందు, వసారా మూల పురుగుమందు, స్నానాల గదిలో ఫినాయిలు, గోడగూటిలో జ్వరపు మాత్రలు. నోరులేని జీవమునకు ఇందులో ఏది తినదగినదో ఏది తినరానిదో తెలియదు. వాసన బాగున్నచో తినును. అది తిను సమయమునకు పెద్దలు సాధారణముగా ఇంట నుండరు. నాన్నగారు పొలమునకో ఉద్యోగమునకో పోయియుందురు, అమ్మ అంగడికి వెళ్లియుండును. ఇంట మిగులువారు బడి విడిచి వచ్చిన మీరే. అందువలననే ఈ విషయము మీతో చెప్పదలచితిని.

నా అభిప్రాయము మొదటనే చెప్పెదను. విషము తిన్న జంతువు ముందు ఒంటరిగా నిలిచినవాడు చేయదగిన పనులు కొన్నియే, చేయరాని పనులు చాల. విషము వలన చచ్చినవని మనము అనుకొను జంతువులలో కొన్ని విషము వలన గాక మన చికిత్స వలన చచ్చుచున్నవని నేను నమ్ముచున్నాను. ఈ మాట పెద్దలలో చాలమందికి రుచింపదని నాకు తెలియును.

కుక్క నురుగు క్రక్కుచు పడిపోయినదని వినగానే వీధియంతయు మూగును. ఒకరు ఉప్పునీరు పోయుమందురు. ఇంకొకరు చింతపండు పిసికిన నీరు మంచిదందురు. నూనె పోయువారు, పాలు పోయువారు, సబ్బు కరగించి తెచ్చువారు వేరు. ఒకడు కుక్క తల పైకెత్తి దవడలు విడదీయును, మరియొకడు ఎడ్లకు మందు పట్టు వెదురు గొట్టము తెచ్చి గొంతులో దింపును. ఎవరి ఉద్దేశమును చెడ్డది కాదు. కాని అక్కడ జరుగుచున్న దేమో కొంచెము విచారింతము.

ఉప్పునీరు త్రాగించినచో ఒక్కొక్కప్పుడు వాంతి యగును. కాకపోయినచో ఆ ఉప్పంతయు రక్తములో చేరి, మెదడులోని కణముల నుండి నీటిని బయటకు లాగివేయును. అప్పుడు ఈడ్పులు వచ్చును. అయిదు కిలోల కుక్కకు రెండు చెంచాల ఉప్పే ఆపద తెచ్చుటకు చాలును. మనవారు పోయునది రెండు చెంచాలు కాదు, రెండు పిడికిళ్లు.

చింతపండు సంగతి మరింత వింతయైనది. ద్రాక్షపండ్లుగాని ఎండుద్రాక్షగాని తిన్న కుక్కలలో కొన్నింటికి మూత్రపిండములు చెడిపోవునని పశువైద్యులు చాలకాలముగా ఎరుగుదురు. కారణము మాత్రము తెలియకుండెను. 2022లో అమెరికాలోని పశువైద్యులు కొందరు ఒక వ్యాసము ప్రకటించిరి. చింతపండు తిన్న కుక్కలకు కూడ అదే కీడు కలిగినదనియు, రెంటిలోను సమృద్ధిగా నున్న టార్టారిక్ ఆమ్లమే దానికి మూలమై యుండవచ్చుననియు వారు వ్రాసిరి. మన వీధిలో విరుగుడని పోయుచున్న పులుసు, కుక్క పాలిటికి రెండవ విషమన్నమాట!

నూనె పోసినచో, క్రొవ్వులో కరగు స్వభావముగల పురుగుమందులు మరింత వేగముగా శరీరములోనికి ఇంకిపోవును. పాలు ఏ విషమునకును విరుగుడు కావు. పొయ్యిలోని బొగ్గు నూరి పోయువారు కూడ కలరు. ఆసుపత్రులలో విషమును పీల్చుకొనుటకు వాడు బొగ్గు ప్రత్యేకముగా సిద్ధముచేసినది, వంటింటి బొగ్గునకు ఆ శక్తి లేదు. ఇక వీటన్నిటికిని సమానమైన దోషమొకటి యున్నది. స్పృహ తప్పిన జంతువు మ్రింగజాలదు. దాని గొంతులో మనము పోసినది కడుపులోనికి గాక శ్వాసనాళము గుండ ఊపిరితిత్తులలోనికి పోవును. విషము నుండి తప్పించుకొన్న జంతువు ఆ నీటివలన ఊపిరాడక చచ్చును.

వాంతి చేయించుట మంచిదే గదా యని మీరడుగవచ్చును. కొన్ని సందర్భములలో మంచిదే. వైద్యుడు ఒక సూదిమందుతో ఆ పని చేయును. కాని జంతువు త్రాగినది కిరసనాయిలైనచో వాంతివేళ అది ఊపిరితిత్తులలో చేరును. త్రాగినది ఆమ్లమైనచో, దిగునప్పుడు ఒకసారి కాల్చిన గొంతును ఎక్కునప్పుడు మరల కాల్చును. ఏది తిన్నదో తెలియని స్థితిలో వాంతి చేయించుట, చీకటిలో కత్తి త్రిప్పుట వంటిది. ఆ నిర్ణయము వైద్యునిది.

"మా తాతగారు ఇట్లే పులుసు పోసి మూడు కుక్కలను బ్రతికించినారు" అని కొందరు నాతో వాదించిరి. తాతగారి మాటను నేను తృణీకరింపను. కాని కుక్కకు వాంతి సులభముగా వచ్చును. తనకు పడనిదానిని చాలసార్లు తానే బయటకు పంపివేయును. తిన్న విషము కొంచెమైనచో ఏమియు చేయకున్నను బ్రతుకును. అట్లు బ్రతికినవానిని పులుసు ఖాతాలోను, చచ్చినవానిని విషము ఖాతాలోను వ్రాసినచో పులుసునకు కీర్తి రాక మానునా? చచ్చిన కుక్కలెన్నియో ఆ తాతగారు చెప్పినట్లు ఎవరును నాతో అనలేదు.

అయినచో చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. నేను కృష్ణా డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె చేసిన పని మీకు చెప్పెదను. వారి కుక్క మధ్యాహ్నము అటక క్రింద పడిన ఎలుకల మందు బిళ్లలు రెండు తినివేసినది. ఇంట మరెవ్వరును లేరు. ఆ బాలిక కుక్కను స్తంభమునకు కట్టి, మిగిలిన బిళ్లలు ఏరి, చిరిగిన పొట్లమును పారవేయక దాచినది. గడియారము చూచి వేళ వ్రాసికొన్నది. తరువాత మేనమామకు ఫోను చేసినది. కుక్క మాత్రము యథాప్రకారము తోక యాడించుచు తిరుగుచుండెను. మేనమామ స్కూటరు తెచ్చి, ఇద్దరును దానిని గోనెసంచిలో కూర్చుండబెట్టుకొని పట్టణమునకు బయలుదేరుచుండగా, ఎదురింటి పెద్దాయన నవ్వి, "ఏమమ్మా, గంతులు వేయుచున్న కుక్కకు ఆసుపత్రి యెందుకు? బస్తాలో కట్టి ఊరేగించుటకా?" అనినాడట. ఆయన కుక్కయు ఆ బిళ్లలలో కొన్నింటిని తిన్నది. నాలుగవనాడు దాని ముక్కు నుండి రక్తము కారినది, ఆ రాత్రి చచ్చినది. బాలిక కుక్క బ్రతికినది.

ఇందు మాయ యేమియు లేదు. పొట్లము మీద బ్రొమాడియోలోన్ అని వ్రాసియున్నది. ఆ జాతి మందులు రక్తమును గడ్డకట్టనీయవు. రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను కాలేయము విటమిన్ కె సహాయముతో తయారుచేయును. ఈ మందు ఆ తయారీని ఆపివేయును. కాని ముందే తయారైన నిలువ కొంత రక్తములో నుండును. అది అయిపోవువరకు, అనగా రెండు మూడు దినములో, ఒక్కొక్కప్పుడు అయిదు దినములో, జంతువు సుఖముగానే కనబడును. నిలువ తరగినంతనే లోపల రక్తము కారుట మొదలగును. పొట్లము చూచిన వైద్యుడు తిన్నదానిని వెంటనే కక్కించి, విటమిన్ కె మాత్రలు నెలదినములు వాడుమనినాడు. పేరు తెలియకున్నచో ఆయన మాత్రము ఏమి చేయగలడు?

ఈ మందు పుట్టిన కథ కూడ తెలిసికొనదగినది. 1920 తరువాతి సంవత్సరములలో కెనడాలోను ఉత్తర అమెరికా మైదానములలోను పశువులు చిన్న గాయమునకే రక్తము కారి చచ్చుచుండెను. బూజు పట్టిన ఒక జాతి గడ్డియే దీనికి కారణమని స్కోఫీల్డ్ అను పశువైద్యుడు కనుగొనెను. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతొకడు మంచు తుఫానులో బండి తోలుకొని విశ్వవిద్యాలయమునకు వచ్చెను. చచ్చిన పెయ్య, పాలక్యానులో గడ్డకట్టని రక్తము, పాడైన గడ్డిమోపు అతడు తెచ్చిన సాక్ష్యములు. ఆయన కలిసికొన్న శాస్త్రజ్ఞుడు కార్ల్ లింక్. లింకును ఆయన శిష్యులును ఆరేండ్లు శ్రమించి 1939లో ఆ గడ్డిలోని విషమును వేరుచేసిరి. దానినిబట్టి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వెలువడెను. 1954 నుండి గుండెజబ్బు మనుష్యులకు అదియే ఔషధమైనది. బ్రొమాడియోలోన్ ఆ వంశములోనిదే, బలము మాత్రము ఎక్కువ. ఆ రైతు ఉత్తచేతులతో వచ్చి "నా పశువులు చచ్చుచున్నవి" అని మాత్రమే చెప్పియున్నచో ఈ శాస్త్రము ఎంత వెనుకబడి యుండెడిదో! మన బాలిక చేసినదియు అతడు చేసిన పనియే.

ఎలుకల మందులన్నియు ఒక్క తీరువి కావు. వరి పొలముల గట్లమీద నూకలకు నూనె పట్టించి పెట్టు నల్లని పొడి జింక్ ఫాస్ఫైడ్. అది కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీన్ అను విషవాయువగును. కొద్ది గంటలలోనే ప్రాణము మీదికి వచ్చును. ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. అన్నము పెట్టినచో కడుపులో ఆమ్లము ఊరును, ఆమ్లము ఊరినకొలది వాయువు పెరుగును. "పాపము, ఆకలిగా నున్నదేమో" యని గుప్పెడు అన్నము పెట్టుట దానికి హాని. ఆ కుక్క వాంతిలో వెల్లుల్లి వాసన వచ్చును. ఆ వాసన పీల్చుట మనకును ప్రమాదమే కావున, తలుపులు కిటికీలు తెరచి దూరముగా నుండవలెను.

పురుగుమందు సోకిన జంతువు తీరు వేరు. నోట చొంగ కారును, కన్నీరు కారును, కండరములు వణకును, కంటిపాప సన్నని చుక్కవలె కుదించుకొనును. దానికి అట్రోపిన్ అను సూదిమందు కలదు, అది వైద్యుని చేతిలో నుండవలసినది. పిడుదులు పోవునని పొలము మందునే నీటిలో కలిపి కుక్క ఒంటికి పూయువారిని నేనెరుగుదును. అట్లు ఒంటికి సోకినచో ఇంటనున్నవారు చేయదగిన మేలు ఒకటి యున్నది. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుగుకొని, సబ్బుతోను ధారాళమైన నీటితోను కడుగుట. లేనిచో అది తన యొడలు నాకికొని మరల విషము తినును. ఫినాయిలు తుడిచిన నేల మీద నడచి పాదములు నాకికొను పిల్లికిని ఇదే చికిత్స.

పిల్లి మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పి ముందుకు పోయెదను. దాని ఒళ్లు వెచ్చగా నున్నదని మనము వేసికొను పారాసెటమాల్ మాత్రను పాలలో కలిపి పట్టువారు కలరు. ఆ మందును విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. ఒక్క మాత్రతో పిల్లి చావవచ్చును. చిగుళ్లు గోధుమవన్నెకు తిరుగుట దాని గురుతు. కుక్కల పిడుదులకు అమ్ము మందులలో కొన్ని పిల్లికి ప్రాణాంతకములు. చాక్లెటులోని థియోబ్రోమిన్ మనకు కొద్ది గంటలలో హరించును, కుక్క శరీరములో చాలసేపు నిలిచి గుండెను పరుగెత్తించును. ఉల్లి, వెల్లుల్లి కుక్కపిల్లుల రక్తకణములను చెరచును.

వైద్యునకు ఫోను చేసినపుడు ఆయన అడుగునవి నాలుగు సంగతులు: ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, జంతువు బరువెంత. బరువు తెలియకున్నచో కుక్కను ఎత్తుకొని తూకపు యంత్రముపై నిలువుడు. తరువాత మీరొక్కరే నిలువుడు. తీసివేత మీకు వచ్చినదే. పశువుల చికిత్సకు సంబంధించిన సంచార వాహనముల కొరకు 1962 అను సంఖ్య కలదు. కాని ఆ వాహనములు చాలచోట్ల పగటివేళనే తిరుగును. రాత్రివేళ మండల కేంద్రములోని పశువైద్యశాలకు తాళము వ్రేలాడుచుండును. ఇది ప్రభుత్వము దిద్దవలసిన లోపమని నా అభిప్రాయము. కనీసము జిల్లా కేంద్రమునందైనను రాత్రి ఒక వైద్యుడు, అట్రోపిన్, విటమిన్ కె సిద్ధముగా నుండుట అసాధ్యమైన కోరిక కాదు. అది జరుగువరకు రాత్రివేళ పలుకు పశువైద్యుడెవరో ముందే విచారించి, ఆయన సంఖ్యను గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుకొనవలసినది మనమే.

తీసికొనిపోవునపుడు జంతువును ప్రక్కకు పరుండబెట్టి, మెడ చాచి, చొంగ బయటకు కారునట్లు చూడవలెను. కక్కినదానిలో కొంచెము ఒక డబ్బాలో వేసి వెంట తీసికొనిపోవుట మేలు. ఈడ్పులు వచ్చుచున్నచో పట్టుకొనరాదు. చుట్టునున్న రాళ్లు, సామానులు తొలగించి, చప్పుడు లేకుండ చేయవలెను. వాంతి యగుచున్న కుక్క మూతిని కట్టరాదు.

ఇక మీ క్షేమము. ఎంత పెంపుడు కుక్కయైనను బాధలో కరచును. అంతకన్న ముఖ్యమైనది, నోట నురుగు కారు ప్రతి కుక్కయు విషము తిన్నది కాదు. పిచ్చికుక్క వ్యాధి సోకినదానికిని చొంగ కారును, మ్రింగుట కష్టమగును. టీకా వేయించని కుక్కనుగాని, వీధికుక్కనుగాని ఆ స్థితిలో చూచినచో దాని నోట చేయి పెట్టుట మాట యటుంచి, దగ్గరకే పోరాదు. పెద్దలను పిలువుడు. చొంగ మీ గాయమునకు తగిలినను, పన్ను గీరినను, సబ్బు పెట్టి పారు నీటి క్రింద 15 నిమిషములు కడిగికొని ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఆ వ్యాధి లక్షణములు మనిషిలో పుట్టిన పిమ్మట చికిత్స లేదనియే చెప్పవలెను. కుక్క మీది ప్రేమచేత ఈ మాట మరచు బాలురున్నారని భయపడి ఇంత గట్టిగా వ్రాయుచున్నాను.

"మనుష్యులకే మందులు దొరకవు, కుక్కకు ఇంత ఆర్భాటమా?" అను ప్రశ్న కలదు. బీదయింటివాడు ఈ ప్రశ్న అడిగినచో నేను కోపింపను. ఆసుపత్రి ఖర్చు వానికి నిజమైన భారమే. కాని నేను పైన చెప్పినవానిలో పొట్లము దాచుట, వేళ గుర్తించుట, ఉప్పుపులుసులు పోయకుండుట, ఒళ్లు కడుగుట పైసా ఖర్చు లేనివి. ఇంకొక సంగతి. కుక్క అటక క్రింద తిన్న బిళ్లను దాని ప్రక్కనే ప్రాకుచున్న పసిబిడ్డ కూడ తినగలదు. కుక్క తినుట మనకు అందిన మొదటి హెచ్చరిక.

కావలెననియే విషము పెట్టువారును కొందరున్నారు. కుక్క మొరిగి నిద్ర చెరచినదనియో, కోడిని పట్టినదనియో మాంసపు ముద్దలో మందు కలిపి గోడమీదుగా విసరుదురు. ఇది నేరము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ఇట్టి క్రూరత్వమును నిషేధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారము, విషము పెట్టి జంతువును చంపి నష్టము కలిగించినవానికి అయిదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును. ఇరుగుపొరుగు తగవులలో ఈ సంగతి చెప్పగానే స్వరము తగ్గించినవారిని నేను చూచితిని.

పురుగుమందు డబ్బాల మీద వజ్రాకారపు గురుతొకటి యుండుట మీరు చూచియుందురు. దానిలో క్రింది సగము రంగు విషము యొక్క తీవ్రతను తెలుపును. ఎరుపు అత్యంత తీవ్రము, దాని తరువాత పసుపు, ఆ తరువాత నీలము, అన్నిటికన్న తక్కువ ఆకుపచ్చ. మందు పేరు, విరుగుడు కూడ అదే చీటీపై ముద్రింపబడియుండును. చదువరాని పెద్దలకు ఈ రంగులను మీరు చూపవచ్చును. కాని మన యిండ్లలో సగము మందు పొరుగువారి వద్ద అడిగి తెచ్చినది. అది చల్లని పానీయపు ఖాళీ సీసాలోనో, నూనె డబ్బాలోనో యుండును. దానికి చీటీ లేదు, రంగు లేదు, పేరు లేదు. కుక్క దానిని తన్ని ఒలికించి నాకిన నాడు వైద్యునకు చూపుటకు మన చేతిలో ఏమియు నుండదు. అట్టి సీసా మీ యింట ఉన్నదేమో నేటి సాయంకాలము పెద్దలతో కలిసి వెదకి చూడుడు; దొరకినచో మీరు ముట్టక, వారికి చూపుడు.